మెడపూసలను చూపిన మహనీయుడు – రాంట్‌జెన్

ఇందిరాపురమున నివసించు మనలో పెక్కుమందికి ప్రతిదినము ఢిల్లీ కార్యాలయములకు పోయివచ్చు ప్రయాణము తప్పదు. మన కాలనీల ప్రక్కగా సాగిపోవు ఢిల్లీ–మీరట్ మహామార్గముపై వాహనముల వేగమును చూచినచో గుండె జల్లుమనును. కొన్ని మాసముల క్రిందట ఒక ఉదయమున ఆ మార్గమునకు చేరు దారిలో నేను కన్నులార చూచిన సంఘటనయే ఈ వ్యాసమునకు కారణము. స్కూటరుపై పోవుచున్న యువకుడొకడు కారు తగిలి క్రింద పడెను. ఒంటిపై పెద్ద గాయములు లేవు. తెలివి తప్పలేదు. మెడ నొప్పిగా నున్నదని మాత్రము చెప్పుచుండెను. చుట్టును మూగినవారందరు దయగలవారే. ఇద్దరు చేతులను, ఇద్దరు కాళ్లను పట్టుకొని ఆతనిని లేవనెత్తి ఆటోలో కూర్చుండబెట్టుటకు సిద్ధపడిరి.

అంతలో మన తెలుగు కుటుంబములకే చెందిన ఒక వృద్ధురాలు వారిని వారించెను. ఆమె ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి విరమించినామె. రోడ్డుమీదనే మోకాళ్లపై కూర్చుండి, ఆ యువకుని తలను రెండు చేతుల నడుమ కదలకుండ పట్టుకొని, అంబులెన్సు వచ్చువరకు అట్లే యుండెను. అరగంట గడచెను. ఎండ మండుచున్నను ఆమె చేతులు తీయలేదు. తరువాత ఆసుపత్రిలో స్కాను తీయగా ఆరవ మెడపూస విరిగినట్లు తేలెను. కాని వెన్నుపామునకు హాని కలుగలేదు. ఆ యువకుడు నేడు తన కాళ్లమీద తాను నడచుచున్నాడు. ఆ నాడు నలుగురును కలిసి ఆతనిని ఎత్తి కూర్చుండబెట్టి యుండినచో ఏమి జరిగెడిదో తలచుకొన్నపుడెల్ల ఒళ్లు జలదరించును.

ఆ స్కాను తీయుటకు పట్టిన కాలము కొన్ని క్షణములు. కాని చర్మమును కోయక, ఎముకను తాకక, శరీరము లోపలి స్థితిని కంటితో చూచు భాగ్యము మానవజాతికి లభించి సుమారు నూటముప్పది ఏండ్లు మాత్రమే అయినది. ఆ భాగ్యమును కలిగించినవాడు జర్మనీ దేశపు భౌతికశాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ కన్రాడ్ రాంట్‌జెన్. ఆయన జన్మదినమగు మార్చి 27 మన ఉగాది పండుగకు దరిదాపులలోనే వచ్చుచుండును. మన సంఘపు సంచికలో ఆయన జీవితమును ఒకమారు స్మరించుకొనుట ఉచితమని తలంచితిని.

ఆయన కథలోనికి పోవుటకు ముందు మెడను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. మెడలో ఏడు పూసలు గలవు. మొదటి పూస ఉంగరము వలె నుండి తలభారమును మోయుచుండును. రెండవ పూసనుండి పైకి లేచిన చిన్న ఎముక ఆ ఉంగరములో ఇరుసువలె నిలిచియుండుటచేతనే మనము తలను కుడియెడమలకు త్రిప్పగలుగుచున్నాము. ఈ పూసల నడిమి రంధ్రముగుండ సుమారు చిటికెనవ్రేలి లావు గల వెన్నుపాము దిగుచుండును. కాలుసేతులకు మెదడు పంపు ఆజ్ఞలన్నియు ఆ సన్నని మార్గముననే పోవలెను. ఊపిరి ఆడించు ముఖ్యకండరమునకు పోవు నరములు సైతము మెడలోని మూడు, నాలుగు, ఐదు స్థానములనుండియే బయలుదేరును. కావున పూస విరుగుట ఒక ఎత్తు. విరిగిన పూస స్థానము తప్పి వెన్నుపామును నలుపుట మరియొక ఎత్తు. మొదటిది మానిపోవు గాయము. రెండవది మనుష్యుని జీవితాంతము మంచమునకు అంటగట్టవచ్చును, లేదా ఊపిరినే ఆపివేయవచ్చును.

విరిగిన మెడయు బెణికిన మెడయు పైకి ఒకే తీరుగా కనబడుటయే ఇందలి చిక్కు. ప్రాచీన ఈజిప్టు దేశపు వైద్యులు మెడ తొలగినవానికి కాలుసేతులు పడిపోవునని మూడువేల ఐదువందల ఏండ్ల క్రిందటనే గుర్తించి, ఎడ్విన్ స్మిత్ పేర నేడు ప్రసిద్ధమైన వైద్యపత్రములో వ్రాసియుంచిరి. అట్టివారికి చికిత్స చేయజాలమనియు వారు నిర్ణయించుకొనిరి. నాటినుండి 19వ శతాబ్ది చివరి వరకు వైద్యునకు చేతివ్రేళ్లే కన్నులు. తడిమి చూచుట, ఊహించుట, దైవముపై భారము వేయుట తప్ప వేరు దారి లేకుండెను. చూడకయే తీర్పు చెప్పవలసిన దుస్థితి అది. చూడక చెప్పిన తీర్పు ఎంత అన్యాయమో రాంట్‌జెన్ తన విద్యార్థిదశలోనే స్వయముగా అనుభవించెను.

రాంట్‌జెన్ 1845వ సంవత్సరము మార్చి 27వ తేదీన జర్మనీలోని లెన్నెప్ అను చిన్న పట్టణమున జన్మించెను. తలిదండ్రులకు ఆయన ఒక్కడే సంతానము. తండ్రి బట్టల వ్యాపారి. తల్లి హాలెండు దేశపు కుటుంబమునుండి వచ్చినది. బాలునకు మూడేండ్ల వయసున కుటుంబము హాలెండులోని ఆపెల్‌డోర్న్ పట్టణమునకు తరలిపోయెను. చదువులో ఆయన అసాధారణ ప్రజ్ఞ ఏమియు చూపలేదు. అడవులలోను, పొలములలోను తిరుగుట, చేతితో చిన్న చిన్న యంత్రములు చేయుట ఆయనకు మిక్కిలి ప్రీతి. ఆ చేతిపనియే కాలక్రమమున లోకమునకు ఉపకరించినది.

1862లో ఆయన యూట్రెక్ట్ నగరమందలి సాంకేతిక పాఠశాలలో చేరెను. అచ్చట ఒకనాడు తోటి విద్యార్థి ఎవడో ఉపాధ్యాయుని వికారముగా చిత్రించెను. నేరము రాంట్‌జెన్‌పై పడినది. బొమ్మ గీసినవాడు వేరొకడు. ఆతని పేరు చెప్పుమని పెద్దలు నిర్బంధించినను ఈతడు చెప్పలేదని అందురు. విచారణ లేకయే శిక్ష విధింపబడెను. రాంట్‌జెన్ పాఠశాలనుండి బహిష్కృతుడయ్యెను. ఆ దేశపు పద్ధతిని బట్టి పాఠశాల యోగ్యతాపత్రము లేనివానికి విశ్వవిద్యాలయపు ద్వారములు మూసికొనిపోవును. ఏ పాపము నెరుగని పదునెనిమిదేండ్ల బాలుని భవిష్యత్తు ఒక్క పూటలో చీకటి అయ్యెను.

అయినను ఆయన నిరుత్సాహపడలేదు. 1865లో కొంతకాలము యూట్రెక్ట్ విశ్వవిద్యాలయమున పేరు లేని శ్రోతగా కూర్చుండి ఉపన్యాసములు వినెను. ఇంతలో స్విట్జర్లాండులోని జూరిక్ పాలిటెక్నిక్ విద్యాలయము ప్రవేశపరీక్షలో నెగ్గినవారికి పాఠశాల పత్రము లేకున్నను చోటిచ్చునని తెలిసెను. అచ్చట చేరి యంత్రశాస్త్రము నభ్యసించి 1868లో పట్టము పొందెను. 1869లో జూరిక్ విశ్వవిద్యాలయమునుండి డాక్టరేటు గడించెను. ఆ నగరముననే ఆగస్ట్ కుంట్ అను ఆచార్యుడు ఈ యువకుని చేతినేర్పును గుర్తించి భౌతికశాస్త్రమువైపు మరలించెను. జూరిక్‌లో భోజనశాల నడపు ఒక సద్గృహస్థుని కుమార్తె యగు అన్నా బెర్తా లుడ్విగ్‌తో పరిచయమైనదియు అక్కడనే. ఆమె ఆయనకంటె ఆరేండ్లు పెద్దది. 1872లో వారి వివాహము జరిగెను. వారికి సంతానము కలుగలేదు. బెర్తా సోదరుని కుమార్తెను ఆరేండ్ల ప్రాయమున తెచ్చుకొని కన్నబిడ్డవలె పెంచుకొనిరి.

గురువగు కుంట్ వెంట రాంట్‌జెన్ వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకు పోయెను. అచ్చట బోధకపదవికి అర్హత కోరగా, లాటిను, గ్రీకు భాషలతో కూడిన పాఠశాల పట్టము లేదని తిరస్కరించిరి. యూట్రెక్ట్‌నాటి అన్యాయము ఆయనను నీడవలె వెంబడించుచునే యుండెను. ఇట్టి కాగితపు అడ్డంకులు సర్కారు కొలువులోనున్న మనకు క్రొత్తవి కావు. ఆయన వాదులాడలేదు, పని మానలేదు. స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయము 1874లో ఆయనకు ఆ అర్హత నొసగెను. తరువాత హోహెన్‌హైమ్‌లోను, మరల స్ట్రాస్‌బర్గ్‌లోను, 1879నుండి గీసెన్‌లోను ఆచార్యుడుగా పనిచేసెను. 1888లో ఏ వుర్జ్‌బర్గ్ తనను కాదన్నదో ఆ వుర్జ్‌బర్గే సగౌరవముగా పిలిచి భౌతికశాస్త్ర పీఠమును అప్పగించెను. 1894లో ఆయన ఆ విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడు కూడ అయ్యెను.

ఆ తరువాతి సంవత్సరము, 1895 నవంబరు 8వ తేదీ, శుక్రవారము సాయంకాలము. ఏబదేండ్ల రాంట్‌జెన్ తన ప్రయోగశాలలో ఒంటరిగా పనిచేయుచుండెను. గాలిని చాలవరకు తీసివేసిన గాజునాళికలోనికి విద్యుత్తును పంపినచో కాథోడు కిరణములు పుట్టునని అప్పటికే శాస్త్రజ్ఞులు ఎరుగుదురు. ఆయన ఆ నాళికను నల్లని అట్టతో పూర్తిగ కప్పి, గదిని చీకటి చేసి, విద్యుత్తును ప్రసరింపజేసెను. కొంత దూరమున బేరియం ప్లాటినోసయనైడు అను రసాయనము పూసిన తెర ఉండెను. అది మిలమిల మెరసెను. విద్యుత్తును ఆపగా మెరుపు ఆగెను. మరల పంపగా మరల మెరసెను. అట్టనుండి వెలుతురు బయటికి రాదు. కాథోడు కిరణములు గాలిలో కొన్ని అంగుళములకంటె పోజాలవు. మరి ఈ మెరుపును కలిగించినదేమి?

ఇట్టి నాళికలతో ఐరోపాలో అనేకులు పనిచేయుచుండిరి. వారి గదులలోను ఈ కిరణములు పుట్టియే యుండవలెను. కాని ఆగి, పరికించి చూచినవాడు రాంట్‌జెన్ ఒక్కడే. అంతకంటె విశేషము, చూచిన వెంటనే ఆయన లోకమునకు చాటలేదు. ఏడు వారములపాటు ప్రయోగశాలలోనే తిని, అచ్చటనే నిద్రించి, తాను చూచినది నిజమా, భ్రమయా అని వందల విధముల పరీక్షించెను. కిరణముల దారిలో కాగితము పెట్టెను, కొయ్య పెట్టెను, వేయి పుటల గ్రంథమును పెట్టెను. అన్నిటిని దాటి కిరణములు పోయెను. సీసము మాత్రము ఒకటిన్నర మిల్లీమీటరు మందముననే వాటిని ఆపివేసెను. తన చేతిని అడ్డుపెట్టగా తెరపై మాంసము లేత నీడగాను, లోపలి ఎముకలు దట్టమైన నీడగాను కనబడెను. బ్రతికియున్న మనుష్యుని ఎముకలు ఆ తీరున కనబడుట చరిత్రలో అపూర్వము.

కంటిని కూడ ఆయన పూర్తిగ నమ్మలేదు. కన్ను మోసపోవచ్చును, ఫొటోపలక మోసపోదని తలచి ప్రతి ఫలితమును పలకపై ముద్రించి సాక్ష్యముగా దాచెను. డిసెంబరు 22వ తేదీన భార్యను ప్రయోగశాలకు పిలిచి ఆమె చేతిని పలకపై నుంచి సుమారు పావుగంటసేపు కిరణములను ప్రసరింపజేసెను. ఆ చిత్రములో ఆమె వ్రేళ్ల ఎముకలు, ఒక వ్రేలిపై వ్రేలాడుచున్నట్లు నల్లని ఉంగరము స్పష్టముగా వచ్చెను. తన చావును తానే చూచుకొన్నట్లు ఆమె భయపడెనని చెప్పుదురు. డిసెంబరు 28న ఆయన తన వ్యాసమును వుర్జ్‌బర్గ్ భౌతిక వైద్య సంఘమునకు సమర్పించెను. స్వభావము తెలియనివి గనుక వానికి ఎక్స్ కిరణములని పేరు పెట్టెను. బీజగణితములో తెలియని రాశికి పెట్టు గుర్తు అది.

1896 జనవరి 1న ఆ వ్యాసపు ప్రతులను, చిత్రములను తోటి శాస్త్రజ్ఞులకు టపాలో పంపెను. కొద్దిదినములలోనే ఆ వార్త ప్రపంచమంతట వ్యాపించెను. జనవరి 13న బెర్లిన్‌లో చక్రవర్తి యెదుట ప్రదర్శన జరిగెను. జనవరి 23న వుర్జ్‌బర్గ్‌లో నిండుసభ. అందు వృద్ధుడైన శరీరశాస్త్రజ్ఞుడు కోలికర్ తన చేతిని చిత్రము తీయించుకొని, ఈ కిరణములను రాంట్‌జెన్ పేరుతోనే పిలువవలెనని ప్రతిపాదింపగా సభ యెల్ల హర్షధ్వానములు చేసెను. కొన్ని వారములలోనే వైద్యులు విరిగిన ఎముకలను, శరీరములో దిగిన తుపాకిగుండ్లను ఈ కిరణములతో చూడసాగిరి. శాస్త్రశాలనుండి ఆసుపత్రికి ఇంత వేగముగా చేరిన విజ్ఞానము అరుదు.

మన దేశమునకును ఆ కాంతి త్వరగానే చేరినది. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ్ చంద్ర బోసు ఎక్స్ కిరణముల పరికరమును స్వయముగా నిర్మించుకొనెను. ఆ పరికరముతో, ప్రసిద్ధ వైద్యుడు నీలరతన్ సర్కారు కోరికపై వెన్ను విరిగిన ఒక రోగిని పరీక్షింపవలసి యున్నదని ఆయన తన మిత్రుడగు రవీంద్రనాథ ఠాకూరునకు జాబు వ్రాసెను. విరిగిన వెన్నును చూచి తెలిసికొనవలెనను ప్రయత్నము భారతదేశమున అంత తొలినాళ్లలోనే మొదలైనదని తెలియుట మనకు గర్వకారణము.

ఆ పరికరములపై పేటెంటు హక్కు తీసికొనినచో రాంట్‌జెన్ కోటీశ్వరుడై యుండును. ఆయన తీసికొనలేదు. విజ్ఞానము సర్వమానవులసొత్తు అని ఆయన విశ్వాసము. ప్రభువంశీయుడను బిరుదును ధరించు అవకాశము వచ్చినపుడు దానినిని కాదనెను. భౌతికశాస్త్రమున మొట్టమొదటి నోబెల్ బహుమానము 1901లో ఆయనకే లభించెను. స్టాక్‌హోమ్ వెళ్లి దానిని స్వీకరించెను గాని ఉపన్యాసము చేయలేదు. ఆ ధనమును వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకే సమర్పించెను. ఎక్స్ కిరణములపై ఆయన వ్రాసిన వ్యాసములు మూడే. 

ఈ వరమున విషమును కలదు. తొలినాటి వైద్యులు, పరికరములు నడపువారు ఈ కిరణములు శరీరమునకు హాని చేయునని ఎరుగరు. అనేకుల చేతులు కాలి, పుండ్లు పడి, వ్రేళ్లు పోయి, తుదకు ప్రాణములే పోయినవి. అట్టి త్యాగమూర్తుల స్మారకచిహ్నము 1936లో జర్మనీలోని హాంబర్గ్ నగరమున వెలసినది. నేడు ఎక్స్‌రే గదిలో సీసపు అంగీ ధరించి, గోడచాటున నిలుచు సిబ్బందిని చూచినపుడు ఆ త్యాగమూర్తులను తలంపవలెను. అవసరము లేని చిత్రము తీయింపరాదను నియమమునకు మూలమును వారి అనుభవమే.

1900లో రాంట్‌జెన్ మ్యూనిక్ విశ్వవిద్యాలయమునకు మారెను. ఆయన చివరి దినములు సుఖముగా గడువలేదు. 1914లో ప్రపంచయుద్ధము రాగా జర్మనీ పక్షమున తొంబదిముగ్గురు పండితులు వెలువరించిన ప్రకటనపై ఆయనయు సంతకము చేసెను. జీవితమంతయు పరీక్షించి గాని నమ్మనివాడు ఆ ఒక్కమారు పరీక్షింపక సంతకము పెట్టి, పిమ్మట పశ్చాత్తాపపడెను. మహనీయులును మనుష్యులే కదా. 1919లో దీర్ఘవ్యాధితో బెర్తా మరణించెను. యుద్ధానంతరము జర్మనీ నాణెము విలువ పడిపోయి ఆయన కూడబెట్టినదంతయు కరిగిపోయెను. విశ్వవిద్యాలయమునకు ఇచ్చిన నోబెల్ ధనమునకును అదే గతి పట్టెను. 1923 ఫిబ్రవరి 10న ప్రేగులలోని పుట్టకురుపు వ్యాధితో మ్యూనిక్‌లో ఆయన కన్నుమూసెను. గీసెన్ పట్టణపు శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు.

అదే 1923వ సంవత్సరమున మన విశాఖపట్టణములో ఆంధ్ర వైద్యకళాశాల నెలకొనుట ఒక విచిత్రమైన కలయిక. ఆ కళాశాలలో చదివిన వారిలో ఒకరు కృష్ణాజిల్లా పెదముత్తేవి గ్రామమున 1925లో జన్మించిన డాక్టర్ కాకర్ల సుబ్బారావుగారు. వారు రాంట్‌జెన్ విద్యలోనే నిష్ణాతులై, అమెరికాలో పేరు గడించి, స్వదేశమునకు తిరిగివచ్చి హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు సారథ్యము వహించిరి. 2000లో పద్మశ్రీ పురస్కారము పొందిరి. 2021లో స్వర్గస్థులైరి. మదరాసులో 1934లో వెలసిన బర్నార్డ్ రేడియాలజీ సంస్థయు దక్షిణదేశమున ఈ విద్యకు పెట్టనికోట అయినది.

ఇక మెడ విషయమునకు వత్తము. రాంట్‌జెన్ చూపినది నీడ. నీడలో ముందున్నదియు వెనుకనున్నదియు ఒకదానిపై నొకటి పడును. అందుచే మెడకు ఒక్క చిత్రము చాలదు. ప్రక్కనుండి ఒకటి, ఎదుటినుండి ఒకటి, నోరు తెరిపించి మొదటి రెండు పూసలకై ఒకటి, ఇట్లు మూడు చిత్రములు తీయుట ఆచారమైనది. ప్రక్కచిత్రములో ఏడు పూసలును, వాని క్రిందనున్న రొమ్ముపూస పైయంచును కనబడినగాని ఆ చిత్రము పూర్తి కాదు. బలిష్ఠుల భుజముల నీడ క్రిందిపూసలను కప్పివేయును. ఆరు పూసలు చూచి మెడ బాగున్నదని చెప్పిన వైద్యుడు ఏడవపూసను గూర్చి ఏమియు చెప్పనట్లే. కనబడకపోవుట వేరు, లేకపోవుట వేరు. ఈ భేదమును మరచిన చోట ప్రమాదము పొంచియుండును.

ఈ లోపమును తీర్చినవాడు ఇంగ్లండు దేశీయుడగు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. ఎక్స్ కిరణములను శరీరము చుట్టును త్రిప్పి, ఆ కొలతలను కంప్యూటరుచే లెక్కవేయించి, లోపలిభాగమును పొరలు పొరలుగా చూపు సి.టి. స్కాను యంత్రమును ఆయన నిర్మించెను. 1971 అక్టోబరు 1న లండన్ సమీపమున ఒక రోగి తలను దానితో తొలిసారి చిత్రించిరి. 1979లో అలన్ కార్మాక్‌తో పాటు ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. నీడలు ఒకదానిపై నొకటి పడు చిక్కు ఇందు లేదు. కావున మెడకు గట్టి దెబ్బ తగిలినదని శంకించిన పెద్దవారికి నేడు మొదట సి.టి. స్కానునే తీయుదురు. అయినను ఇది ఎముకను చూపినంత బాగుగా వెన్నుపామును, పూసలను బిగించియుంచు కట్లను చూపజాలదు. కాలుసేతులలో తిమ్మిరి, బలహీనత ఉన్నపుడు అయస్కాంతశక్తితో పనిచేయు ఎం.ఆర్.ఐ. స్కాను అవసరమగును.

దెబ్బ తగిలిన ప్రతివానికి చిత్రము తీయవలెనా? అక్కరలేదు. అమెరికాలో 21 ఆసుపత్రులలో 34,069 మందిని పరీక్షించి 2000లో ప్రకటించిన పరిశోధనలో మెడకు గాయమైనవారు 818 మంది మాత్రమే. మెడ వెనుక నడిమిభాగమున నొక్కినపుడు నొప్పి లేకుండుట, నరముల బలహీనత లేకుండుట, తెలివి స్పష్టముగా నుండుట, మత్తులో లేకుండుట, దృష్టిని మరల్చు వేరొక తీవ్రగాయము లేకుండుట అను ఐదును నెరవేరినచో చిత్రము లేకయే మెడ క్షేమమని వైద్యుడు చెప్పవచ్చునని ఆ పరిశోధన తేల్చినది. ఆ 818 మందిలో ఈ నియమము కనిపెట్టలేకపోయినవారు ఎనిమిదిమందే. ఈ నిర్ణయము వైద్యునిదే గాని మనది కాదు. కెనడా దేశపు వైద్యులు 2001లో ప్రకటించిన నియమము అరువదియైదేండ్లు దాటినవారిని అధికప్రమాదము గలవారుగా నెంచినది. మన ఇండ్లలోని పెద్దలు స్నానాలగదిలో జారిపడినను మెడను నిర్లక్ష్యము చేయరాదు.

2022వ సంవత్సరమున మన దేశములో 4,61,312 రహదారి ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించినట్లు కేంద్రప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. మనదేశములో యంత్రములకు కొరత యున్న ఊళ్లు ఇంకను కలవు. కాని ఢిల్లీ చుట్టుపట్ల నున్న మనకు కొరత యంత్రములది కాదు, ఓపికది. ప్రమాదస్థలమునకును స్కాను గదికిని నడుమ గల ఆ కొద్దికాలములో రోగి మెడ మన చేతులలోనున్నది. మంటలు, వాహనముల రాకపోకలు వంటి అపాయము లేనిచో ఆతనిని కదల్పరాదు. కూర్చుండబెట్టరాదు. నీళ్లు త్రాగించుటకు తల ఎత్తరాదు. శిరస్త్రాణమును గుంజి తీయరాదు. ఊపిరి ఆడుచున్నదో లేదో మాత్రము కనిపెట్టుచుండవలెను. ఊపిరి ఆగినచో ప్రాణము నిలుపుటయే ముందు. 112కు గాని 108కి గాని ఫోను చేసి, తలను కదలకుండ పట్టుకొనియుండవలెను. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలై దేశమంతట వ్యాపించినదని తెలుగువారు గర్వింపవచ్చును. సాయపడినవారిని కేసులలో ఇరికింతురను భయమునకు తావు లేదు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము వారికి రక్షణ కల్పించినది.

విచారింపక బాలుని బహిష్కరించినవారి పేర్లు లోకము మరచినది. ఏడు వారములు నోరు మెదపక పరీక్షించి చూచిన రాంట్‌జెన్ పేరు ప్రతి ఆసుపత్రిలోను నిలిచినది. ఆ ఏడు వారముల ఓపికయు, మన రోడ్డుపై ఆ వృద్ధురాలు చూపిన అరగంట ఓపికయు ఒకే జాతివి. లోపల ఏమి జరిగినదో కంటితో చూచువరకు తొందరపడరాదని ఆ ఇరువురును ఎరుగుదురు. రాబోవు సంవత్సరమున మన సంఘ సభ్యులందరు, ముఖ్యముగా మన యువతీయువకులు, ప్రథమచికిత్స శిక్షణ పొందుదురు గాక! మన ఇందిరాపురపు దారులలో ఏ తల్లి బిడ్డ మెడయు మన తొందరపాటువలన వంగకుండు గాక!